పారిస్‌లో ఓ 'అత్త'

నిన్న పారిస్‌లో మారే పేటలో తిరుగుతూ ఒక పాత భవనం ముందు ఆగిపోయాను. 1777లో, పదహారో లూయీ కాలంలో పెట్టిన తాకట్టు సంస్థ అది. ఇప్పటికీ నగలు తాకట్టు పెట్టుకుని అప్పిస్తున్నారు! ఊరివాళ్లు దానికి పెట్టిన ముద్దుపేరు 'మా అత్త'. వాచీ ఏదంటే 'అత్త దగ్గరుంది' అనేవారట.

ఈ పద్ధతి ఇటలీది. 1462లో పెరూజాలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు విరాళాలు పోగేయించి, పేదలకు తక్కువ వడ్డీకి అప్పులిప్పించారు. వడ్డీ తీసుకోవడమే పాపం కదా అని పెద్ద గొడవ. వడ్డీ లేకపోతే మరి గుమాస్తా జీతం ఎక్కడినుంచి వస్తుంది? చివరికి 1515లో పోప్ పదో లియో సరేనన్నాడు.

నాకు మనసుకు పట్టింది వేరే. ఈ 'అత్త' దగ్గర అప్పు తీరక వస్తువు వేలం వేస్తే, బాకీ పోను మిగిలింది అప్పు తీసుకున్నవాళ్లకే ఇస్తారు.

అమ్మ తన గాజులు మా ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి తాకట్టు పెట్టి నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది. గడువు దాటిందని ఆయన కరిగించేశాడు. మిగిలిందేమైనా ఉందా అని అడగొచ్చని కూడా మాకు తెలీదు. రాత్రి ఫోన్‌లో ఈ 'అత్త' సంగతి చెప్తే అమ్మ నవ్వింది. "మనూళ్లో ఆయన కనీసం మామ కూడా కాదురా" అంది.