ఉంగరం తీసి రాసిన క్రీం

నిరుడు ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. లేచి గోడకు ఆనుకుంటే కాస్త ఆడింది. మళ్ళీ ఒరిగితే ఛాతీ మీద బియ్యం బస్తా పెట్టినట్టే ఉంది. "అమ్మా, ఊపిరి ఆడుతలేదు" అని అరిచాననుకున్నాను, కానీ గొంతు పెగలలేదట. నేను మంచం మీద చేత్తో కొట్టిన చప్పుడుకు అమ్మ లేచింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ వేళ క్యాబ్ దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను తలుపుకు ఆనుకుని కూర్చుంటే అమ్మ నా కాళ్లు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతోంది. వేలు ఎక్కడ నొక్కితే అక్కడ గుంట పడి అలాగే ఉండిపోతోంది. చాదర్‌ఘాట్ వంతెన మీద దీపాల వెలుగులో ఆ గుంటలను ఇద్దరం చూశాం. ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

అంతకు నెల ముందు నుంచే కాళ్ల వాపు, మూత్రంలో నురగ ఉన్నాయి. మా వీధి క్లినిక్‌లో డాక్టరు ఉప్పు తగ్గించి, బరువు చూసుకోమన్నారు. మూత్ర పరీక్ష రాయలేదు. అంత చిన్న పరీక్ష! ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఆసుపత్రిలో పరీక్ష చేస్తే, మూత్రంలో రోజుకు 150 మిల్లీగ్రాములు దాటకూడని ప్రోటీన్ నాకు 7 గ్రాములు పోతోంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. బయాప్సీ, సూదులు, 24 గంటల మూత్రం డబ్బాలో పట్టడం, అన్నీ అయ్యాయి. మూడో రోజు కిడ్నీ డాక్టరమ్మ నా ముఖంలోకి చూసి "దీనికి ఏం రాస్తున్నావమ్మా?" అని అడిగారు. అమ్మ తల దించుకుంది.

"పిల్ల రంగు కొంచెం తక్కువ" అన్న మాట మీద నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. అప్పుడు అమ్మ పార్లర్‌లో తెలిసినామె దగ్గర ఆ క్రీం కొన్నది. డబ్బా మీద తయారుచేసినవాళ్ల చిరునామా లేదు, లైసెన్స్ నంబరు లేదు. బంగారం, వెండి తగలనివ్వొద్దని మాత్రం ఆమె గట్టిగా చెప్పింది. అందుకే అమ్మ రోజూ రాత్రి ఉంగరం తీసి పక్కన పెట్టి, తన చేత్తోనే నా ముఖానికి, మెడకు రాసేది. బంగారానికి పడనిది ఒంటికి ఎట్లా పడుతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నెలన్నరకే రంగు తేలాను. ఆఫీసులో మెచ్చుకుంటుంటే ఎంత సంతోషపడ్డానో.

నా మూత్రంలో పాదరసం తేలింది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను అది తయారు కానివ్వదు. చర్మంలోంచి లోపలికి దిగి కిడ్నీల్లో చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 నుంచి 2023 వరకు ఇలాంటి కేసులు వరసగా వచ్చాయని, నాకొచ్చిన ఈ కిడ్నీ జబ్బు రకమే తేలిన 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లేనని డాక్టరమ్మ చెప్పారు. ఆమె ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే నేను ఇంటికొచ్చి మళ్ళీ అదే రాసుకునేదాన్ని. ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను.

చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ మాత్రం అంతా విని, "క్రీం బంద్ చేస్తే మళ్ల నల్లగైతది కదా పిల్ల?" అంది. చేతికి సెలైన్ ఉంది, మాట్లాడే ఓపిక లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ మాట ఇవాళ్టికీ మరిచిపోలేదు, క్షమించలేదు కూడా.

తువ్వాళ్లకు, దిండు గలీబులకు అంటుకుని ఇంట్లోవాళ్లకూ పాదరసం చేరవచ్చని అమ్మకూ పరీక్ష రాశారు. ఆమెకు నాకంటే కొంచెమే తక్కువ వచ్చింది. "నీకు రాయంగ చేతికి మిగిలింది నేను గూడ రాసుకున్న బిడ్డా. పెళ్లయినకాడికెళ్లి నల్లపిల్ల అనే పిలిచిన్రు నన్ను" అంది. అమ్మకు యాభై ఆరేళ్లు. ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో తెలియలేదు. ఇద్దరం ఏడ్చాం.

క్రీం మానేశాక, మందులతో పది నెలలకు నా ప్రోటీన్ 200 మిల్లీగ్రాములకు దిగింది. రంగు మళ్ళీ నాదే వచ్చింది. ఏ క్రీమైనా కొనేముందు డబ్బా తిప్పి చూడండి. మన దేశంలో ఇలాంటి క్రీముల్లో పాదరసం కలపకూడదు. పాదరసం ఉందని చెప్పే మెర్క్యురీ, కాలోమెల్ అన్న మాటలున్నా, అసలు ఏ వివరాలూ లేకపోయినా ముట్టుకోకండి. మూత్రంలో నురగ వస్తే డాక్టరు రాయకపోయినా మీరే అడిగి పరీక్ష చేయించుకోండి.

ఆ రాత్రి క్యాబ్‌లోనే అమ్మ ఎల్లమ్మకు బోనం మొక్కిందట. ఈ ఆషాఢంలో చెల్లించాం. పొద్దున్నే నన్ను పీట మీద కూర్చోబెట్టి పాదాలకు పసుపు రాసింది. ఉంగరం చేతికే ఉంది. వచ్చే నెలలో ఆమెకు మళ్ళీ పరీక్ష ఉంది. నేను సెలవు పెట్టాను.