మిగతా 13,100 మంది ఏరీ? సంఖ్యాకాండం 26తో నా అనుభవం

నిన్న రాత్రి కాటేజ్ ప్రేయర్‌లో, అంటే ఒకరింట్లో జరిగే ప్రార్థన కూటంలో, వాక్యం చెప్పాను. చెవులు ఇంకా మండుతున్నాయి.

మా పాస్టరు అయ్యగారు కీర్తనలూ సువార్తలూ తన దగ్గరే ఉంచుకుని, పేర్లూ లెక్కలూ ఉన్న అధ్యాయాలు యూత్‌కి పంచుతారు. నాకు పడింది బైబిల్లో సంఖ్యాకాండం 26వ అధ్యాయం. యెరికోకి ఎదురుగా, మోయాబు మైదానాల్లో, మోషే, యాజకుడు ఎలియాజరు ఇశ్రాయేలీయులకి తీసిన రెండో జనాభా లెక్క; మొదటిది సీనాయిలో తీశారు. ఎవరో ఫోన్‌కి పంపిన నోట్సు ఉంది కదా అని పెద్దగా తయారవలేదు. పాట, ప్రార్థన సాఫీగా అయిపోయాయి. అధ్యాయం చదువుతుంటే షూతలహీయుల దగ్గర నాలుక మడతపడింది, అంతే.

తర్వాత గొంతు పెంచాను. "షిమ్యోను గోత్రం మొదటి లెక్కలో 59,300. ఇప్పుడు 22,200! 37,100 మంది ఏమయ్యారు? పెయోరులో విగ్రహపూజ చేసిన పాపం, దానికి వచ్చిన తెగులు! ఆ పాపంలో చచ్చిన జిమ్రీ ఎవరు? షిమ్యోనువాడే!" ఆమెన్‌లు గట్టిగానే వచ్చాయి.

వెనక గోడకి ఆనుకున్న రిటైర్డ్ లెక్కల టీచరమ్మగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"బాబూ, ఆ తెగుల్లో పోయింది ఎంతమంది?"

"24,000 అండీ."

"అందరూ షిమ్యోనువాళ్లేనని రాసుందా?"

లేదు.

"పోనీ, అందరూ వాళ్లే అనుకుందాం. మిగతా 13,100 మంది ఏరీ?"

నోట్సు తిరగేశాను. లేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. ఆవిడ వేలు పెట్టి చదువుతూనే ఉన్నారు. నఫ్తాలి 53,400 నుంచి 45,400. ఎఫ్రాయిము 40,500 నుంచి 32,500. ఇద్దరికీ సరిగ్గా 8,000 తరుగు. "వీళ్లేం పాపం చేశారు?" మనష్షేకి 20,500 పెరిగింది. "వీళ్లేం పుణ్యం చేశారు?" పిల్లలు కిసుక్కున నవ్వారు. డిగ్రీలో నాకు మ్యాథ్స్‌లో ఫస్ట్ క్లాస్ అని ఇక్కడైనా చెప్పుకోనివ్వండి.

ఒంటిగంట దాకా రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని కూడికలు చేశాను. అప్పుడు 6,03,550, ఇప్పుడు 6,01,730. తేడా 1,820 మాత్రమే. దేవుడి తీర్పు కోసం నేను షిమ్యోను మీద పడ్డాను గానీ, అది చివరి రెండు వచనాల్లో ఉంది. అరణ్యంలో చస్తారని దేవుడు చెప్పినట్టే, సీనాయి లెక్కలో ఉన్నవాళ్లలో కాలేబు, యెహోషువ తప్ప ఒక్కడూ మిగల్లేదు. పన్నెండు గోత్రాల్లోనూ పోయారు, అయినా పంచుకోవాల్సిన భూమికి ఆరు లక్షల మంది నిలబడి ఉన్నారు. మోషే మీద తిరగబడ్డ కోరహు చచ్చినా, అతని కుమారులు చావలేదని 11వ వచనంలో కూడా ఉంది. ఆ దిక్కుమాలిన నోట్సులో అదీ లేదు. ఫార్వర్డ్ వాక్యాలు నమ్మితే ఇంతే.

పొద్దున పాలకి వెళ్తే టీచరమ్మగారు కనబడ్డారు. 1,820 సంగతి చెప్పబోయాను.

"33వ వచనం ఎందుకు ఎగరగొట్టావు?" అన్నారు.

సెలోపెహాదు కూతుళ్ల పేర్లు అవి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఐదూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. వచ్చే వారం 27వ అధ్యాయం, ఆ కూతుళ్లు మోషే దగ్గరికి వెళ్లి భూమి అడగడం, తనే చెప్తారట. అయ్యగారిని అప్పుడే అడిగేశారట.