మెంఫిస్ దాకా వచ్చిన ఆవకాయ

పోయిన వేసవిలో అమ్మ తెనాలి నుంచి అక్కకి ఆవకాయ, కందిపొడి, సున్నుండలు ఫెడెక్స్ కొరియర్‌లో పంపింది. అక్క ఉండేది అమెరికాలో నాష్‌విల్‌లో, నేనుండేది మెంఫిస్ పక్కనే కాలియర్‌విల్‌లో. ట్రాకింగ్‌లో మెంఫిస్ అని పడిందో లేదో అమ్మ ఫోను, "మీ ఊరిదాకా వచ్చేసిందిగా నాన్నా, నువ్వే తీసుకుని కార్లో అక్కకి ఇచ్చేసి రాకూడదూ, మూడు గంటలేగా" అని. నిజమే, మూడు గంటలే. కానీ ఆ డబ్బా ఆ టైంలో ఎలాంటి చోట ఉందో నేను కళ్లారా చూశాను, అందుకే అమ్మకి ఫోన్లో చెప్పినదంతా ఇక్కడ కూడా రాస్తున్నా.

అంతకు ముందు ఏడాది ఆఫీసు వాళ్లు ఫెడెక్స్ హబ్, అంటే సరుకంతా ఒకచోట చేరి మళ్లీ ఊళ్లకి విడిపోయే చోటు, చూడ్డానికి నైట్ టూర్ పెడితే వెళ్లాను. రాత్రి పదకొండింటికి విమానాలు ఆగే ర్యాంప్ పక్కకి తీసుకెళ్లి పైకి చూడమన్నారు. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర బళ్లు ఎలా బారులు తీరతాయో అలా ఆకాశంలో లైట్లు, ఒకదాని వెనక ఒకటి, మెంఫిస్‌లో మూడు రన్‌వేలు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పక్కన ఇంకో బారు కూడా, దిగినది పక్కకి తిరిగేలోపే వెనకది దిగుతోంది. దేశం నలుమూలల నుంచి విమానాలన్నీ పదిన్నర నుంచి ఒంటిగంట లోపు ఒకే చోటికి రావాలి, వచ్చిన సరుకంతా దింపి, ఊరివారీగా విడదీసి, మళ్లీ అవే విమానాల్లో ఎక్కించి మూడూ ఆ చుట్టుపక్కల పంపేయాలి. మూడింటికి ఇక్కడ ఎగిరితే న్యూయార్క్‌లో ఆరున్నర, అక్కడ వ్యాన్లు రెడీగా ఉంటాయి.

ఇదంతా 1973 ఏప్రిల్ 17 రాత్రి మొదలైంది, ఫెడెక్స్ పెట్టిన ఫ్రెడ్ స్మిత్ అనే ఆయన 14 చిన్న ఫాల్కన్ జెట్లు పెట్టి 25 ఊళ్లకి నడిపారు, ఆ రాత్రి వచ్చిన ప్యాకెట్లు మొత్తం 186. మెంఫిస్సే ఎందుకంటే దేశానికి ఇంచుమించు మధ్యలో ఉంది, వాతావరణం వల్ల ఎయిర్‌పోర్ట్ మూతపడే రోజులు తక్కువ. పక్క ఊరికి వెళ్లాల్సిన ప్యాకెట్ కూడా మెంఫిస్ వచ్చి వెనక్కి వెళ్లడమేంటి, చాదస్తం కాదా అని నాకూ అనిపించింది. లెక్క వేసుకుంటే అర్థమైంది, 25 ఊళ్లని ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 300 దారులు కావాలి, మధ్యలో ఒక జంక్షన్ పెట్టుకుంటే 25 చాలు. మనకి విజయవాడ జంక్షన్ ఎలాగో అలా. ఇప్పుడు వేరే హబ్‌లు కూడా చాలా ఉన్నాయి, అన్నీ మెంఫిస్ రానక్కర్లేదు, కానీ పద్ధతి మాత్రం అదే. మొదట్లో చిన్న జెట్లే వాడటానికి కారణం రూల్స్, ఎయిర్ ట్యాక్సీ, అంటే చిన్న విమానాల సర్వీసు కింద నడిచేవాళ్లకి 7,500 పౌన్లకి మించి సరుకు పెట్టనిచ్చేవారు కాదు, 1977లో కార్గో మీద ఆ ఆంక్షలు తీసేశాకే పెద్ద బోయింగ్ 727లు వచ్చాయి. ఆ మొదటి ఫాల్కన్లలో ఒకటి, వెండీ అని ఆయన కూతురి పేరు పెట్టింది, వర్జీనియాలో డల్లెస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది, అటువైపు ఉండేవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం నేల. కంటెయినర్లని అక్కడివాళ్లు క్యాన్ అంటారు, విమానం లోపలి గుండ్రానికి సరిపోయేలా ఒక పక్క పైభాగం వంపు తిరిగి ఉంటుంది, నిండితే టన్నుల బరువు. షెడ్డులో నేలంతా స్టీలు బంతులు పొదిగి ఉన్నాయి, పిడికిలి కంటే చిన్నవి, ఎటు తోస్తే అటు తిరుగుతాయి. ఒకావిడ, మా పెద్దమ్మ వయసు ఉంటుంది, భుజం ఆనించి ఒక్క తోపు తోసింది, అంత క్యాన్ గిర్రున తిరిగి బెల్టు ముందు ఆగింది. నేను నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయాను. అక్కడినుంచి డబ్బాలు బెల్టు మీదకి, బెల్టు ఒక కెమెరాల సొరంగంలోంచి పోతుంది, లేబుల్ ఏ వైపు ఉన్నా చదివేస్తుంది, ఆ క్షణానే ఏ దారిలోకి నెట్టాలో తేలిపోతుంది.

దింపేటప్పుడు కూడా ముందువాటిని ముందే తీసేస్తే బరువంతా వెనక్కి పోయి విమానం ముక్కు పైకి లేస్తుంది, అందుకే తోక కింద ఊతకర్ర లాంటిది పెడతారు. ఎక్కించేటప్పుడు ఏ క్యాన్ ఏ స్థానంలో అనేది బరువు చూసే నిర్ణయిస్తారు.

ఇంకోటి, రోజూ రాత్రి కొన్ని విమానాలు ఖాళీగా, లేదా సగం నింపి ఎగరేస్తారు. ఎక్కడైనా ఒక విమానం పాడైతేనో, ఒక ఊళ్లో సరుకు పట్టకపోతేనో దగ్గర్లో ఉన్నదాన్ని అటు తిప్పుతారు. ఆయిల్ దండగ కాదా అని మాలో ఒకరు అడిగారు. జనం డబ్బులిచ్చేది రేపు పొద్దున్నకి వస్తుందన్న మాటకే అని మమ్మల్ని తిప్పినాయన చెప్పారు, నాకు అది చాలా సబబుగా అనిపించింది. వాతావరణం చూడ్డానికి కంపెనీకి సొంత వాతావరణ నిపుణులు కూడా ఉన్నారు.

ఇండియా నుంచి పంపేవాళ్లకి ఒక్క మాట. విమానంలో బరువుకంటే ముందు చోటు అయిపోతుంది కాబట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తారు, అసలు బరువు, ఇది, ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 40 సెంటీమీటర్లున్న డబ్బాలో ఎనిమిది కిలోలే పెట్టినా 12.8 కిలోలకి కట్టాలి. అమ్మ మొదటిసారి సున్నుండలు నలిగిపోతాయని అంత డబ్బాలో పేపర్లు కుక్కి పెట్టింది. ఈసారి చిన్న డబ్బా తీసుకుంది.

ఇదంతా విని అమ్మ, "అయితే ఆ రాత్రి వాళ్లంతా నిద్రపోరా" అంది. పోరమ్మా, తెల్లారి ఇంటికెళ్లి పడుకుంటారు అన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం అక్క ఫోటో పెట్టింది, నూనె చుక్క కూడా కారలేదు. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో అమ్మ చేతిరాత, "ఇటువైపు పైకి", పక్కన పెద్ద బాణం గుర్తు, అదంతా తెలుగులోనే.