కొరికే ముందు ఏం జరిగింది?

నల్గొండ జిల్లాలో ఒక మండల భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, స్పెషల్ టీచర్‌ని. మా దగ్గరికి కొత్తగా వచ్చే తల్లిదండ్రులు పిల్లలకు ఏం వచ్చో, ఏం రాదో తర్వాత చెప్తారు. ముందు చెప్పేది "కొరుకుతడు మేడం", "తల గోడకు కొట్టుకుంటది". చెప్పి, నేను తిడతానేమో అన్నట్టు చూస్తారు. అప్పటికే చుట్టాలు తీర్పు ఇచ్చేసి ఉంటారు మరి: గారాబం ఎక్కువైంది, రెండు తగిలిస్తే దారికొస్తడు.

నేనొక నోట్‌బుక్ ఇస్తాను. అందులో మూడు గళ్లు: ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు. మా చదువుల్లో దీన్ని ఏబీసీ చార్ట్ అంటారు. రాయడం రాని తల్లులు వాట్సాప్‌లో వాయిస్ పెడతారు, నేను రాసుకుంటాను.

మేధో వైకల్యం ఉన్న ఒక పదేళ్ల పిల్లాడు అన్నం తినిపిస్తుంటే వాళ్లమ్మ చెయ్యి కొరికేవాడు. మాటలు నాలుగైదుకు మించి రావు. నోట్‌బుక్ చూస్తే ఎప్పుడూ ఒకటే వరస: సగం తిన్నాక కొరుకుతాడు, ఆమె కంచం తీసేస్తుంది. "ఇక చాలు" అనడానికి వాడికి తెలిసింది అదొక్కటే, అది ప్రతిసారీ పనిచేస్తోంది కూడా. అందుకని చాలనిపిస్తే అరచెయ్యి చూపించడం నేర్పాం. ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ అనే అమెరికా సైకాలజిస్టులు 1985లోనే ఈ దారి చూపించారు: ఆ గొడవతో పిల్లాడు ఏం సాధిస్తున్నాడో కనిపెట్టి, దాన్నే అడిగే ఇంకో పద్ధతి నేర్పాలి.

చెయ్యి చూపించగానే కంచం తీసేయాలి, ఇంకొక్క ముద్ద అని బతిమాలొద్దు అన్నాను. అక్కడొచ్చింది తగువు. "పోరగాడు సగం కడుపుతోటి లేస్తే ఎట్ల?" అని నాయనమ్మ. ఆమె బాధా నిజమే. నాలుగింటికి మళ్లీ పెడదామన్నాక ఒప్పుకుంది. కొరకడం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది.

అన్నీ ఇలా తేలవు. తల కొట్టుకునే అమ్మాయి చార్ట్‌లో ఏ వరసా దొరకలేదు. ఒక్కతే ఉన్నా కొట్టుకుంటోంది, నిద్రలో లేచి కొట్టుకుంటోంది, అదీ ఒకవైపే. ఈఎన్‌టీ డాక్టర్ చూస్తే చెవిలో చీము. మాటలు రాని పిల్లల్లో ఉన్నట్టుండి మార్పొస్తే ముందు పళ్లు, చెవులు, మలబద్ధకం, నిద్ర చూడాలి. నొప్పితో ఉన్న పిల్లకు ఏ చార్టూ పనికిరాదు.

తమనో ఇతరులనో బాగా గాయపరిచేవాళ్లను సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకి, వెళ్లమంటాం. కొందరికి సైకియాట్రిస్టు మందు రాస్తారు. రిస్పెరిడోన్ లాంటివాటితో ఆకలి, బరువు పెరుగుతాయి, కనుక బరువు చూపించుకుంటూ ఉండాలి. పిల్లాడు నెమ్మదించాడని సొంతంగా మానేయొద్దు.

ఇంకోటి. ఏడిస్తే ఫోన్ ఇచ్చే అలవాటు మాన్పిస్తే మొదట్లో ఏడుపు ఇంకా పెరుగుతుంది. అందరూ నీరుగారిపోయేది ఇక్కడే. ఆ పెద్ద ఏడుపుకి ఫోన్ ఇచ్చారా, ఈసారి నుంచి వాడు అక్కడే మొదలుపెడతాడు. ఇంట్లో నలుగురూ ఒకే మాట మీద లేకపోతే మొదలుపెట్టకపోవడమే నయం.

ఈమధ్య నోట్‌బుక్‌లు రెండు ఇస్తున్నాను, నాన్నకొకటి. "నా దగ్గర అసలు అల్లరే చెయ్యడు" అంటారు చాలామంది. స్నానం చేయించేది, తినిపించేది, హోంవర్క్‌కి కూర్చోబెట్టేది అమ్మే అయినప్పుడు నాన్న దగ్గర వాడికి గొడవ చెయ్యాల్సిన పనేముంది? వారం పాటు స్నానం మీరు చేయించి రాయండి అంటున్నాను.