80 దాటగానే వణికే పాత బండి

పాత బండి కొనేవాళ్ళు ఎక్కువమంది ఊళ్ళోనే నడిపి చూస్తారు. అనంతపురంలో క్లాక్ టవర్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా ఒక చుట్టు తిప్పితే ముల్లు 40 దాటదు. ఆ వేగంలో ఏ బండైనా బుద్ధిగానే ఉంటుంది. డబ్బు చేతులు మారాక 44వ నంబరు హైవే ఎక్కి 80 దాటించేసరికి స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: “ఏం కాదులేన్నా, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేపిస్తే పోతాది.”

అందులో సగమే నిజం. బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకు చిన్న సీసం బరువులు తగిలించడం, దాంతో పోవచ్చు. అలైన్‌మెంట్ అంటే చక్రాలు నిలిచే కోణం సరిచేయడం, దాంతో పోదు. అలైన్‌మెంట్ తప్పిన బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. అలా అరిగీ అరిగీ టైరు ఆకారమే చెడితే వణకొచ్చు గానీ, అప్పుడు మార్చాల్సింది టైరునే. రెండు పనులూ ఒకే షాపులో, ఒకే బిల్లు మీద చేస్తారు కాబట్టి రెండూ ఒకే రోగానికి మందు అనుకోవడం అలవాటైపోయింది.

స్పానర్ పట్టకముందు బండిని రోడ్డు మీద ఒకసారి సరిగ్గా గమనించాలి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్న లెక్క ప్రకారం గాలి పట్టించండి. మధ్యాహ్నం ఎండలో వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తే తీసేయకండి, చల్లారాక తక్కువైపోతుంది. అనంతపురం వాళ్ళు రాప్తాడు వైపు, కర్నూలు వాళ్ళు డోన్ వైపు 20 కిలోమీటర్లు పోతే చాలు. నెలల తరబడి ఒకే చోట నిలబెట్టిన బండికి టైరు కింద చదునైపోయి ఉంటుంది. ఆ వణుకు టైరు వేడెక్కాక తగ్గిపోతే పెద్ద విషయం కాదు. 20 కిలోమీటర్లయినా తగ్గకపోతేనే అసలు వెతుకులాట. నాలుగు వరసల హైవే మీద కార్లకు పరిమితి 100, పరీక్షకు అంతకంటే అవసరం లేదు.

మూడు సంగతులు రాసుకోండి: ఏ వేగంలో మొదలైంది, ఎక్కడ తెలుస్తోంది, అప్పుడు మీ కాలు దేని మీద ఉంది. చేతుల్లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద, నడుముకు తెలిస్తే వెనక చక్రాలు అన్నది మొదటి అంచనా. 80 దగ్గర మొదలై, ఒక వేగంలో ముదిరి, అది దాటితే సర్దుకుంటే చాలాసార్లు చక్రం చుట్టూ బరువు తేడానే. వేగంతో పాటు పెరుగుతూనే పోతే టైరు గుండ్రం తప్పడమో, వెనక చక్రాలతో నడిచే బండైతే వాటిని తిప్పే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టో. 30లో కూడా స్టీరింగ్ ఎడమకూ కుడికీ మెల్లగా ఊగుతుంటే టైరు లోపలి పొర విడిపోయి ఉండొచ్చు. ఆ బండిని హైవే ఎక్కించకుండా ముందు స్టెప్నీ వేయండి.

తర్వాత న్యూట్రల్ పరీక్ష. వెనక బండ్లు లేనప్పుడు, తిన్నని రోడ్డు మీద, వణుకుతున్న వేగంలోనే గేరు న్యూట్రల్‌కు తీయండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఆపితే బ్రేకు, స్టీరింగ్ రెండూ బిగుసుకుంటాయి. ఇంజన్ ఐడిలింగ్‌కు పడిపోయినా వణుకు అలాగే ఉంటే ఇంజన్‌ను, దాన్ని పట్టి ఉంచే మౌంటింగ్‌లను మర్చిపోవచ్చు. అది తిరిగే చక్రాల పనే, లేదా వెనక చక్రాలతో నడిచే బండిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ పని. కాలు తీయగానే పోయి, యాక్సిలరేటర్ తొక్కగానే మళ్ళీ వస్తే ముందు చక్రాలతో నడిచే కార్లలో చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్‌కు గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింట్‌ను అనుమానించాలి. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిన మరకలు కింద కనిపిస్తాయి.

చిన్న బరువు ఇంత గోల ఎలా చేస్తుంది అని అడుగుతుంటారు. లెక్క చూడండి. 15 అంగుళాల రిమ్ముతో 185/65 టైరు 100 వేగంలో సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉంటే ఆ వేగంలో సుమారు 3 కిలోల బరువుతో లాగినట్టవుతుంది. అదీ సెకనుకు 14 సార్లు. వేగం సగానికి తగ్గితే ఆ లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్ళో ఏమీ తెలియకపోవడానికి కారణం అదే.

ఇక ఖర్చు లేని పనులతో మొదలుపెట్టాలి. చక్రాలు విప్పి రిమ్ము లోపలివైపు చూడండి. వానాకాలంలో నంద్యాల, ప్రొద్దుటూరు పక్క నల్లరేగడి దారుల్లో తిరిగిన బండికి అక్కడ గుప్పెడు మట్టి పట్టి, ఎండి, రాయై ఉంటుంది. బయట మెరిసేలా కడిగిన బండిలో కూడా ఉంటుంది. దాన్ని గీకేస్తే కొన్ని బండ్ల జబ్బు అక్కడికక్కడే కుదురుతుంది. మట్టి మీదే బ్యాలెన్సింగ్ చేసిన మహానుభావులూ ఉన్నారు. ఆ మట్టి ఊడిన రోజు వణుకు కొత్తగా పుడుతుంది.

మన దగ్గర ఇంకో తలనొప్పి కంపముళ్ళు. పంక్చర్ల బాధ పడలేక ట్యూబ్‌లెస్ టైర్లలో జెల్ పోయిస్తారు. బండి నిలబడినప్పుడు ఆ జెల్ కిందికి జారి ఒక చోట పేరుకుంటుంది. ఆ చక్రాన్ని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పితే ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. అలాంటప్పుడు సీసం బరువులు అంటిస్తూ పోవడం దండగ. టైరు ఊడదీసి, జెల్ తుడిచి, లోపలి నుంచి ప్యాచ్ వేయించి, ఆ తర్వాతే బ్యాలెన్సింగ్.

టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమరండి. గుంతలు గుంతలుగా తగిలితే చాలాసార్లు షాక్ అబ్జార్బర్లు చచ్చిపోయాయని అర్థం. కొత్త టైరు వేసినా అదే గతి పడుతుంది. పక్కగోడ మీద బుడ్డ ఉంటే ఆ టైరుకు రిపేరు లేదు. తయారైన తేదీ కూడా చూడండి: చివరి నాలుగు అంకెలు 2319 అంటే 2019లో 23వ వారం. మాంచి గాడులున్నా ఎండకు గట్టిపడి పగుళ్ళిచ్చిన టైరు టైరు కాదు.

గుండ్రం చూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. చదునైన నేల మీద మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టండి. ఇటుక మీద ఒక పెన్సిల్ ఆనించి, దాని మొన టైరుకు కొద్దిగా ఎడంగా ఉంచి చక్రం తిప్పండి. ఆ సందు 1.5 మిల్లీమీటర్లకు మించి మారితే అనుమానించాలి. అదే పని రిమ్ము అంచు దగ్గర చేస్తే 1 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే తప్పు రిమ్ముదా, దాన్ని బిగించే హబ్‌దా తేల్చాలి. ఎత్తుగా ఉన్న చోట సుద్దతో గుర్తు పెట్టి, చక్రాన్ని రెండు బోల్టులు పక్కకు జరిపి బిగించి మళ్ళీ తిప్పండి. ఎత్తు చక్రంతో పాటు జరిగితే తప్పు చక్రానిది, హబ్ దగ్గరే ఉండిపోతే హబ్ వంగింది. వంగిన హబ్ అంటే బండి ఎక్కడో గట్టిగా తగిలిందన్నమాట. రేటు మళ్ళీ మాట్లాడాల్సిందే.

బ్యాలెన్సింగ్ షాపులో పక్కనే నిలబడండి, సిగ్గుపడొద్దు. పాత సీసం బరువులన్నీ పీకించాలి. రిమ్ము సైజు, వెడల్పు, మెషీన్ నుంచి దూరం అనే మూడు అంకెలు ప్రతి చక్రానికీ సరిచూసి కొట్టాలి. ముందొచ్చిన బండి అంకెల మీదే తిప్పితే సున్నా వచ్చినా అది దొంగ సున్నా. రెండు వైపులా సున్నా వచ్చాక ఇంకో పరీక్ష అడగండి: చక్రాన్ని వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి తిప్పమనండి. అంకె 10, 15కు ఎగిరితే చక్రం మెషీన్ కోన్ మీద సరిగ్గా కూర్చోలేదు, మొదటి సున్నాకు విలువ లేదు. ఒకే వైపు 60, 70 గ్రాములు అడిగితే సీసం గుమ్మరించకుండా, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి చూడాలి. అల్లాయ్ రిమ్ములకు అంటించే స్టిక్కర్ సీసం బరువులు నూనె మరక మీద నిలవవు. తుడిచి అంటించకపోతే బ్రేకు వేడికి, మన ఎండకు ఊడిపోతాయి.

బయట కొన్న అల్లాయ్‌లకు మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదిగా ఉండొచ్చు. అప్పుడు సందును పూడ్చే రింగు కావాలి. అది లేకపోతే మెషీన్ మీద సరిగ్గా ఉన్న చక్రం బండికి ఎక్కగానే వణుకుతుంది. హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో తీసి, నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. గాలి గన్‌తో ఒకటే పోటున బిగిస్తే బ్రేకు డిస్కు వంకర పోయే ప్రమాదం ఉంది. చివరి బిగింపు, ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచితో, మీ బండి పుస్తకంలో ఉన్న అంకెకే.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే ఇదంతా వదిలేయండి, అది డిస్కుల పని. గువ్వలచెరువు ఘాటు దిగి కడప వైపు వచ్చేటప్పుడు బాగా బయటపడుతుంది. పైన పాలకోవా కోసం ఆగితే నష్టం లేదు. కిందికి దిగాక డిస్కులు కాలుతున్నప్పుడు పెడల్ నొక్కి పట్టి నిలబడితే మాత్రం ప్యాడ్ పదార్థం ఒకే చోట అంటుకుని, తర్వాత ప్రతి బ్రేకుకూ దడదడలాడుతుంది. డిస్కు అంచున కనీస మందం ముద్రించి ఉంటుంది. దానికి పైన ఉంటేనే చెక్కించాలి, మార్చితే రెండు వైపులా ప్యాడ్లతో సహా మార్చాలి.

బొలెరో, స్కార్పియో, టవేరా లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో వణుకు కాకుండా నేలలో సన్నని జుమ్మనే మోత వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడాలి. అది చక్రం కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి ఊపులా కాక మోతలా వినిపిస్తుంది. షాఫ్ట్ చివర ఉండే నాలుగు కొమ్ముల జాయింట్‌నే క్రాస్ అంటారు, దాన్ని రెండు పక్కలా పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. మధ్యలో ఆట ఉంటే, కొమ్ముల మీది కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటే క్రాస్ పోయినట్టే. మధ్య బేరింగ్ రబ్బరు చిరిగినా ఇదే వరస. షాఫ్ట్ విప్పేముందు రెండు ముక్కల మీదా, వాటిని బోల్టులతో బిగించే ఫ్లాంజీల మీదా పెయింట్‌తో గీత పెట్టడం చాలామంది మరిచిపోతారు. ముక్కలు కలిసే చోట ఒక పల్లు అటూ ఇటూ ఎక్కిస్తే కొత్త క్రాస్ వేసినా మోత ముందుకంటే ఎక్కువే. లోడు కోసం వెనక కమాను కట్టలకు అదనపు ప్లేట్లు వేయించిన బండైతే షాఫ్ట్ కోణమే మారిపోయి ఉంటుంది, అక్కడ ఎన్ని క్రాసులు మార్చినా ఆ ప్లేట్లు తీయందే మోత పోదు.