తాళం వచ్చింది, ఓనరే లేడు

మొన్న సోమవారం మా అమ్మ పేరు మీద సర్కారు ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇంటి తాళం చేతికొచ్చింది. దరఖాస్తు చిటికెలో అయిపోయింది, డ్రా కంప్యూటరే తీసింది. ప్రాణం తీసింది మాత్రం మధ్యలో వచ్చిన వెరిఫికేషన్, అంటే మేం నిజంగా పేదవాళ్లమేనా అని ఇంటికొచ్చి చూడటం.

వచ్చినాయన చెప్పులైనా విప్పకుండా వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీశాడు. లోపల ఇడ్లీ పిండి గిన్నె, సగం కోసిన నిమ్మకాయ. "ఫ్రిజ్ ఉంది, బయట బండి ఉంది, మీకేం తక్కువమ్మా?" అన్నాడు. అమ్మ ఏం మాట్లాడలేదు, పిండి గిన్నె మీద మూత సరిచేసింది. ఆ ఫ్రిజ్ అమ్మ పనిచేసే ఇంటివాళ్లు కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేస్తే వచ్చిందని నేను చెప్తుంటే వినకుండా "అద్దెకుంటున్నట్టు కాగితం చూపించండి" అన్నాడు. పదకొండేళ్లుగా అద్దె కడుతున్నాం, కాగితం ముక్క లేదు. ఓనర్ ఆంటీని అడిగితే "రాసిస్తే నాకు ట్యాక్స్ గొడవ, మా చుట్టాలని చెప్పుకోండి" అంది. చుట్టాల ఇంటి తలుపు ప్రతి ఐదో తారీఖు పొద్దున్నే అద్దె కోసం ఎవరైనా కొడతారా? మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాక, రెండేళ్లుగా నా ఫోన్లోంచి అద్దె పంపిన స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి ముందు పెడితే గానీ నమ్మలేదు. ఆ ఆలోచన నాదే, ఇంట్లో ఇంకెవరికీ తట్టలేదు. మీరూ అద్దె చేతికివ్వకండి, ఫోన్‌పే చేసి పక్కన 'రెంట్' అని రాయండి.

ఇల్లు బాగుంది, 560 చదరపు అడుగులు, గాలీ వెలుతురూ వస్తాయి. కానీ ఉన్నది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల. అమ్మ పనిచేసే మూడిళ్లూ బంజారాహిల్స్‌లో, రెండు బస్సులు మారాలి. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, తాళం వేసి పెడితే రద్దు చేస్తారట. లిఫ్ట్ ఆగిపోయిందని చెప్తే "ఇల్లు ఇచ్చేశాం కదా, సంఘం పెట్టుకుని మీరే చూసుకోండి" అన్నారు.

నగరం శివార్లలోని కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టి 2023లో ప్రారంభించిన సర్కారుకు పని దొరికే చోట నాలుగు బ్లాకులు కట్టి, తనే ఓనరుగా ఉండి, నెలనెలా అద్దె తీసుకుని రసీదిచ్చి లిఫ్ట్ బాగుచేయించడం చేతకాదా? ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్లను పట్టణ పేదలకు, వలస కూలీలకు అద్దెకివ్వొచ్చని కేంద్రం 2020లోనే పథకం పెట్టింది. నన్నడిగితే ఇకముందు హౌసింగ్ వాళ్ల అసలు పని అదే. పట్టా ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. అమ్మకైతే పట్టానే ముద్దు, ఈ మాటంటే నా మీద కోప్పడుతుంది.

ప్రస్తుతానికి పాత గది ఇంకో నెల ఉంచుకుందామనుకున్నాం. ఈ పొద్దున చూస్తే ఓనర్ ఆంటీ గేటుకు టూలెట్ బోర్డు కట్టేసింది, అద్దె వెయ్యి పెంచి.