గూజ్‌బెర్రీ అంటే ఉసిరికాయ కాదు

"కార్డు మీద ఏముందో అదే చెప్పు" అంది మా మేనేజర్, కస్టమర్లు వెళ్లిపోయాక. నవ్వుతూనే అంది. అందుకే ఇంకా మండింది.

న్యూజిలాండ్‌లో మార్ల్‌బరో అనే చోట, ఒక చిన్న వైనరీ కౌంటర్‌లో వచ్చినవాళ్లకి రుచి చూడ్డానికి వైన్ పోయడం నా పని. ఇక్కడి తెల్ల వైన్ సావిన్యో బ్లాంక్. అందరూ ముద్దుగా 'సావ్' అంటారు, మన చెవికి అదేం ముద్దో! ఆ రోజు ఒకాయన ఇందులో ఏం వాసన వస్తోందని అడిగితే, ఆలోచించకుండా "దోర జామకాయ" అన్నాను. కార్డు మీద ఉన్నది గూజ్‌బెర్రీ, పాషన్ ఫ్రూట్, అప్పుడే కోసిన గడ్డి.

గూజ్‌బెర్రీ నేనెప్పుడూ చూడలేదు. ఫోన్‌లో తెలుగు అర్థం వెతికితే ఉసిరికాయ అని వచ్చింది. ఆరు నెలలు ప్రతి గ్లాసులోనూ ఉసిరికాయ కోసం వెతికాను. చివరికి నీళ్లు తాగితే తియ్యగా అవుతుందేమో అని అదీ చూశాను. కాలేదు. లోపం నా ముక్కులోనే ఉందనుకున్నాను.

అనుకోనా మరి? మన ఊళ్లో 'వైన్స్' అని బోర్డున్న కొట్లో వైన్ తప్ప అన్నీ అమ్ముతారు. తెల్లదైనా ఎర్రదైనా అమ్మకి అది మందే. ఇంట్లో 'హోటల్లో పని' అని చెప్పాను. నాన్న అంతకుమించి అడగలేదు, నేనూ చెప్పలేదు. గ్లాసుని కాడ దగ్గరే పట్టుకోవాలనీ, లేకపోతే చేతి వేడికి చల్లదనం పోతుందనీ, మరీ చల్లగా ఉన్నా వాసన మూసుకుపోతుంది కాబట్టి ఎనిమిది, పది డిగ్రీల మధ్య పోయాలనీ, అన్నీ ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో ఆడించి బకెట్‌లో ఉమ్మేస్తారు. ఆ బకెట్ కడిగేది నేనే. మొదటి వారం అన్నం సయించలేదు.

కానీ జామకాయ దగ్గర మాత్రం తగ్గబుద్ధి కాలేదు. ఇక్కడి ఇప్పటి తోటల కథ మొదలైంది 1973లో. మా నాన్నకంటే చిన్నది. అంత కొత్త వైన్‌కి ఎవరి పెరటి కాయ పేరు పెట్టాలో ఎవరు తేల్చారు?

రెండు రోజులాగి, వైన్ తయారుచేసే పెద్దాయన్ని అడిగేశాను. ఆయన నవ్వలేదు. గ్లాసు తెప్పించుకుని వాసన చూశాడు. కోసిన క్యాప్సికమ్‌లా వచ్చే పచ్చి వాసన పైరజీన్లు అనే రసాయనాలదట. దాని వెనక పండు వాసన థయాల్స్ అనేవాటిదట. అవే పాషన్ ఫ్రూట్‌లోనూ ఉంటాయి, జామలోనూ ఉంటాయి. "నీ ముక్కు బాగానే ఉంది" అన్నాడు. అంతే. ఆ పూట నా నడకే మారిపోయింది.

ఆ ధైర్యంతోనే మధ్యాహ్నం నా బాక్సులోని నిమ్మకాయ పులిహోర ఆయనకి పెట్టాను. కార్డు ప్రకారం ఈ వైన్‌కి జోడీ మేక పాల చీజ్, లేదా దగ్గర్లోని హావ్‌లాక్ నుంచి వచ్చే ఆకుపచ్చ అంచు ఆల్చిప్పలు. తిండి పులుపు వైన్ పులుపుని మించితే వైన్ చప్పబడిపోతుంది. నిమ్మకాయ పులిహోర దగ్గర చప్పబడలేదు. కరివేపాకు నోట్లో పడ్డప్పుడు ఆ పచ్చి వాసన ఇంకా పైకి లేచింది. ఆవకాయ అన్నం మాత్రం ఆయనకి పెట్టకుండా నేనొక్కదాన్నే పరీక్షించాను. పదమూడు శాతం ఆల్కహాల్ కారానికి తోడై నోరు భగ్గుమంది, జామకాయ ఎటు పోయిందో తెలియదు. దానికి మజ్జిగే.

కార్డు మారలేదు. అయినా అడిగినవాళ్లకి గూజ్‌బెర్రీతో పాటు జామకాయ కూడా చెప్తున్నాను. మేనేజర్ విననట్టు ఊరుకుంటోంది. ఒక ముసలావిడ జామకాయ ఎలా తింటారని అడిగితే, ఉప్పూ కారం అద్దుకుని అని చేత్తో చూపించాను.

డిసెంబర్‌లో ఆవిడే మళ్లీ వచ్చి, కాగితం సంచీ ఒకటి కౌంటర్ మీద పెట్టింది. పెరట్లో కాసిన గూజ్‌బెర్రీలు. గోళీలంత ఉన్నాయి, పచ్చటి చారలు, సన్నటి నూగు. కొరికితే పచ్చి ద్రాక్ష పులుపు. గ్లాసులో కాస్త పోసుకుని వాసన చూశాను. ఒప్పుకోవాలి, ఉంది. జామకాయ తర్వాతే అనుకోండి.

మిగతావి ఇంటికి పట్టుకెళ్లి ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను.